బలం తగ్గింది, ఎద బాగుంది

పోయిన వారం పద్మావతిని డాక్టరుగారి గది ముందు నిలబెట్టి, ఎవరి పనుల మీద వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. ఒక చెయ్యి తలుపు మీద, ఇంకో చెయ్యి కొంగు కొస మీద. లోపలికి వెళితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. వెనక్కి తిరిగితే నగర్తపేట గౌరమ్మ ఏమవుతుందో తెలియదు.

మధ్యలో వచ్చి కూచున్న పాఠకుల కోసం రెండు ముక్కలు చెబుతాను. కాటన్‌పేటలో బియ్యం మండీ గుమాస్తా నారాయణప్ప కూతురు పద్మావతి. పేటలోని ఒక ధర్మాసుపత్రిలో టైపిస్టు. డాక్టరుగారు రోగిని పరీక్ష చేస్తూ నోటితో చెబుతుంటే, తెర ఇవతల కూచుని విని, ఇంగ్లీషులో రిపోర్టు కొట్టడం ఆమె పని. నగర్తపేట మగ్గాల సందులో ఉండే గౌరమ్మ పురుడు పోసుకుని కోలుకోక, దగ్గుతో వచ్చింది. డాక్టరుగారు చూశారు, పద్మావతి కొట్టింది, డాక్టరుగారు సంతకం పెట్టారు. ఆ కాగితం చూసి గౌరమ్మను ఊరి బయట క్షయ ఆసుపత్రిలో చేర్చుకున్నారు. పాలు తాగే బిడ్డను అత్త నంజమ్మ చేతిలో పెట్టి పంపేశారు.

నిన్న ఆ నంజమ్మ బిడ్డను చంకనేసుకుని వచ్చి పద్మావతిని పట్టుకుంది. "ఆ పొద్దు డాక్టరప్ప నా ఎదురుగానే చెప్పె గదమ్మా, ‘బలం తగ్గింది, ఎద బాగుంది’ అని. ఎదె బాగుండే మనిషిని యాల తీసకపోయిరి?" అంది.

ఆ రోజు తెర ఇవతల పద్మావతి విన్నది వేరు. "బల తగ్గింది, ఎడ బాగుంది" అని విన్నది.

గోదావరి, కృష్ణల వైపు పాఠకులు ఇందులో తేడా ఏముందని అడుగుతారు. ఉంది నాయనా, కొంప ముంచేంత ఉంది. మా బెంగుళూరు పేటల్లో తెలుగువాళ్ళకి కుడిచెయ్యి బలచెయ్యి, ఎడమ పక్క ఎడపక్క. కన్నడం పక్కింటి భాష. పక్కింట్లోంచి చేబదులు తెచ్చిన చక్కెరలాగా మాటలు తెచ్చుకున్నాం, మళ్ళీ ఇచ్చిన పాపాన పోలేదు. ఆ రోజంతా పద్మావతి క్షయ అనుమానంతో వచ్చిన వాళ్ళ రిపోర్టులే కొడుతోంది. కుడి ఊపిరితిత్తి ఇలా ఉంది, ఎడమది అలా ఉంది, ఇదే వరస. చెవి ఆ వరసకే అలవాటు పడిపోయింది. కాబట్టి నీరసం తప్ప రొమ్ములో ఏ దోషమూ లేని గౌరమ్మ, టైపు మిషను మీదికి వచ్చేసరికి, కుడి ఊపిరితిత్తిలో శ్వాస తగ్గిన గౌరమ్మ అయింది.

ఈ రోజు గురువారం. మధ్యాహ్నం పెద్ద డాక్టరు క్షయ ఆసుపత్రికి వస్తాడు. పక్కటెముకల మధ్య సూది దించి, గాలి ఎక్కించి, జబ్బు ఊపిరితిత్తిని అణిచి పడుకోబెట్టడం ఆయన వైద్యం. జబ్బుది పడుకుంటే మానుతుంది. మంచిదాన్ని పడుకోబెడితే ఏమవుతుందో ఆలోచించలేకే పద్మావతి పొద్దున అన్నం ముట్టలేదు.

తలుపు తోసింది.

డాక్టరుగారు కార్బాలిక్ సబ్బుతో చేతులు కడుక్కుంటున్నారు. ఆయనకీ తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గాని, పేటలో ఎవరికీ దానితో పని పడలేదు. రాజమండ్రి నుంచి వచ్చారు కాబట్టి గోదావరి డాక్టరు. హస్తవాసి మంచిది, కోపం ముక్కు మీద ఉంటుంది, పుస్తకాల తెలుగంటే మోజు. అందరూ రొమ్ము అనేచోట ఆయన ఎద అంటారు. తెలుగు టైపిస్టు దొరికిందన్న సంబరంలో, ఇంగ్లీషులో చెప్పాల్సిన పరీక్షను సగం తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు. ఆ సంబరమే ఇంత పని చేసింది.

"ఏవిటమ్మాయ్, ఇంకా ఎవరన్నా మిగిలారా?"

"రోగులు లేరు సార్. తప్పొకటి మిగిలుండాది. గౌరమ్మ రిపోర్టు నేను తప్పు కొట్టినాను. మీరు చదవకుండా సంతకం పెట్టినారు."

ఇంటి దగ్గర పద్మావతి అభ్యాసం చేసుకొచ్చింది తన తప్పు వరకే. సంతకం మాట నాలుక మీదికి దానంతటదే వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

డాక్టరుగారు తువ్వాలు తీసుకుని ఒక్కొక్క వేలూ తుడుచుకున్నారు. "నువ్వు చేరిన కొత్తలో పాల్పేషన్ అని నేను చెబితే పాల్పిటేషన్ అని కొట్టావు. గుర్తుందా? పొట్ట మీద చెయ్యి వేసి చూశానని నేనంటే, ఆవిడకి పొట్టలో గుండెదడ అని రిపోర్టు తయారైంది. అప్పుడు నిన్నేవన్నా అన్నానా? నవ్వి ఊరుకున్నాను."

"ఔను సార్. ఆ పొద్దు మీరు చదివినారు కాబట్టి నవ్వినారు. దీన్ని చదవలేదు."

ఆయన మొహం కందగడ్డ అయింది. "సంతకం పడ్డాక అది నా మాట. అందులో కుడివైపు తగ్గిందని ఉంటే తగ్గే ఉంటుంది. రోజూ ఇంతమందిని చూస్తాను, ఆ గౌరమ్మెవరో నాకు జ్ఞాపకం కూడా లేదు."

"నంజమ్మకి జ్ఞాపకం ఉండాది సార్. మీరు బలం తగ్గిందన్నారు. నేను బల అని విన్నాను."

"అయితే?"

"బల అంటే కుడి."

డాక్టరుగారు పకపకా నవ్వారు. "కుడిని బల అనడం ఏవిటమ్మా! ఇదెక్కడి తెలుగూ?"

"మా తెలుగు సార్," అంది పద్మావతి. నవ్వు ఆమెకు ఎక్కడో చురుక్కుమనిపించింది. "మా తాతల నాటి నించీ ఇట్లనే మాట్లాడుతుండాము. మా పేటలో జట్కావాడికి ‘బలపక్కకి తిప్పప్పా’ అంటే గుర్రానికి కూడా అర్థమవుతాది."

"మరి ఎద? ఎదకి ఎడకి తేడా తెలీదూ నీకు?"

"విడిగా చెబితే తెలుస్తాది. ఆ పొద్దు మీరు మూతికి చేతిరుమాలు కట్టుకుని ఉండిరి. బయట మిలిటరీ లారీలు పోతుండె."

"అంటే నా నోటిది తప్పంటావు."

"తప్పు నా చెవిదే సార్. కానీ ఆ చెవి నాదొక్కదానిదే కాదు. మీకు నమ్మకం లేకపోతే ఇప్పుడే చూస్తాము. రుమాలు కట్టుకుని, తెర అవతల నిలబడి, ఆ మాట ఇంకొకసారి అనండి. నేను కాదు, కదిరమ్మ వింటాది."

కదిరమ్మ ఆసుపత్రి ఆయా. వరండాలో ఫినాయిలు నీళ్ళతో నేల తుడుస్తోంది. పద్మావతి పిలిస్తే చేతిలో గుడ్డతోనే వచ్చి తెర ఇవతల నిలబడింది. ఎందుకు పిలిచారో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

డాక్టరుగారికి ఇది చిన్నపిల్లల ఆటలా ఉంది. కాని వెనక్కి తగ్గితే ఓడిపోయినట్టవుతుంది. ఆ పంతం కొద్దీ రుమాలు బిగించి కట్టుకున్నారు. తెర అవతలికి వెళ్ళి, ఎప్పుడూ చెప్పే తొందరలోనే అన్నారు: "బలం తగ్గింది. ఎద బాగుంది."

"సార్ ఏమన్నారు కదిరమ్మా?" అని అడిగింది పద్మావతి.

"ఏముండాది, బల తగ్గిండాది, ఎడ బాగుండాది అన్నాడు," అంది కదిరమ్మ. తర్వాత జాలిగా, "ఎవురికప్పా? బలకాలా, బలచెయ్యా?" అంది.

కదిరమ్మ తెరనీ పద్మావతినీ మార్చి మార్చి చూసి, తనవల్ల ఏదో అపచారం జరిగిందనుకుని, గుడ్డ పిండుకుంటూ వెళ్ళిపోయింది. కాసేపటికి డాక్టరుగారు రుమాలు విప్పుకుంటూ ఇవతలికి వచ్చి, రోగులు కూచునే ముక్కాలిపీట మీద కూలబడ్డారు.

పద్మావతి గెలిచిందని చప్పట్లు కొట్టకండి. తప్పని తెలియడం వేరు, తెలిసిన తప్పును నలుగురిలో ఒప్పుకోవడం వేరు. ఆ రెండింటి మధ్య మన గోదావరంత వెడల్పుంటుంది.

"కూచో అమ్మాయ్," అన్నారు ఆయన. గొంతులో ఇందాకటి వేడి లేదు. "ఇప్పుడు నేను క్షయ ఆసుపత్రికి కబురు చేస్తే, మన సూపరింటెండెంటు ఒకే మాట అడుగుతాడు. ఇంకెన్నిటి మీద చదవకుండా సంతకం పెట్టావూ అని. నా దగ్గర జవాబు లేదు. ముందు నీ ఉద్యోగం తీస్తాడు. తర్వాత నాది."

"నాది పోతే పోనీ సార్. మా నాయనకి చెప్పే వచ్చినాను."

"ఏవన్నారాయన?"

"‘అట్లయితే మధ్యాన్నం అన్నానికి ఇంటికే వస్తావా’ అన్నాడు."

డాక్టరుగారికి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. కిటికీలోంచి బయటికి చూశారు. అరుగు మీద నంజమ్మ కూచుని ఉంది. చంటిపిల్ల ఆమె రవికె పట్టుకుని వెతుకుతోంది. ముసలామె వేలు తేనెలో ముంచి నోట్లో పెడుతోంది. పిల్ల చప్పరించి, ఇది కాదని ఏడుస్తోంది.

"నువ్వు రాసింది తప్పే అనుకుందాం," అన్నారు అటే చూస్తూ. "ఎద బాగుందని నేనన్న మాటన్నా నిజమేనని ఏవిటి నమ్మకం? ఆ రోజు ఎంత హడావుడిగా చూశానో నాకే తెలీదు."

ఆ మాట ఆయన నోట వస్తుందని పద్మావతి అనుకోలేదు. ఇంతసేపూ బింకంగా నిలబడ్డ పిల్లకి కళ్ళు చెమ్మగిల్లాయి. అయినా గొంతు తగ్గించలేదు.

"అందుకే చెప్తాండాను సార్. ఇంక కాగితంతో పని లేదు. నేను విన్నది తప్పా, మీరు చూసింది ఒప్పా అని ఇక్కడ కూచుని ఊరికే సుమ్మనే వాదులాడితే తేలేది కాదు. గౌరమ్మ రొమ్ము మీద చెవి పెడితే తేలుతాది. మీరు రండి. పెద్ద డాక్టరు సూది ఎత్తక ముందే రండి."

డాక్టరుగారు లేచి కోటు తగిలించుకున్నారు. "జట్కా పిలువు. నా కారుకి పెట్రోలు కూపన్లు అయిపోయాయి."

జట్కాలో ముందు డాక్టరుగారు, వెనక ఆడవాళ్ళిద్దరూ, మధ్యలో చంటిపిల్ల. దారిలో బొగ్గు గ్యాసు బస్సొకటి ఆగిపోయి పొగలు కక్కుతోంది. యుద్ధం పుణ్యమా అని ఊళ్ళో ఏ బండీ తిన్నగా నడవడం లేదు. పొగకి పిల్ల దగ్గింది. డాక్టరుగారు గభాలున వెనక్కి తిరిగి, పిల్ల రొమ్ము మీద రెండు వేళ్ళతో తట్టి చూసి, "దీనికేం లేదు," అన్నారు.

"ఎదెకేమీ లేదు గదప్పా?" అంది నంజమ్మ.

"లేదమ్మా. ఎదెకేమీ లేదు," అని ఆ మాటను ఆమె పలికినట్టే పలికారు. తర్వాత పద్మావతితో, "మీ తెలుగులో నేను తెలుసుకోవాల్సినవి ఇంకా ఎన్నున్నాయమ్మాయ్?" అన్నారు.

"శానా ఉండాయి సార్. అవన్నీ మీరు నేర్చుకొనే దాకా నాదొక పద్ధతి. ఇంక మీద మీరన్న ప్రతి మాటా నేను తిరిగి మీకు చెప్తాను. మీరు ఔనంటేనే కొడతాను. లేకపోతే మిషను ముట్టను."

"అలాగే. ఇద్దరికీ ఉద్యోగాలు మిగిలితే."

వాళ్ళు వార్డులోకి అడుగుపెట్టేసరికి చివరి మంచం చుట్టూ గుడ్డ తెర లాగి ఉంది. నంజమ్మను బిడ్డతో వరండా కటకటాల దగ్గరే ఆపేశారు. తెర లోపల గౌరమ్మ ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకుని, కుడిచెయ్యి తల మీదుగా పైకి పెట్టుకుని ఉంది. కుడి పక్కటెముకల మీద పసుపు పూసినట్టు అయొడిన్ పూశారు. కళ్ళు గట్టిగా మూసుకుంది. పెద్ద డాక్టరు చేతిలో సూది ఉంది.

"ఆగండి!" అన్నారు గోదావరి డాక్టరు.

పెద్ద డాక్టరు తెల్లజుట్టు మనిషి. తెలుగు రాదు, మాట్లాడేదంతా ఇంగ్లీషే. సూది పక్కన పెట్టలేదు గాని, తలెత్తి చూశాడు. "ఈ రిపోర్టు మీదే గదా?"

"నాదే. అందుకే ఇంకోసారి వినాలి."

"ఎక్స్‌రే ఫిల్ము ఉంటే మీ చెవులతో నాకు పని ఉండేది కాదు. ఫిల్ము వచ్చి ఎన్నాళ్ళయిందో మీకూ తెలుసు. మీ మాట నమ్మే సూది పట్టుకున్నాను," అని విసుక్కుంటూనే పక్కకి జరిగాడు.

గౌరమ్మ కళ్ళు తెరిచింది. పద్మావతి ఆమె చెయ్యి పట్టుకుని లేపి కూచోబెట్టింది. గోదావరి డాక్టరు జేబులోంచి రుమాలు తీశారు, ఒక క్షణం చూశారు, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు. నోటికి ఏమీ అడ్డం లేకుండానే వంగి స్టెతస్కోపు ఆనించారు.

ముందు కుడివైపు. మెడ ఎముక కింద, చంక కింద, వీపు మీద. వినడం, వేలి మీద వేలు పెట్టి తట్టడం, మళ్ళీ వినడం. తొందర లేదు. పద్మావతి ఆయన పరీక్ష చేయడం తెర అడ్డం లేకుండా చూడటం ఇదే మొదలు. ఆయన వేళ్ళు ఎంత మెత్తగా పడతాయో ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు.

"రాసుకో అమ్మాయ్. కుడి బాగుంది."

"కుడి బాగుంది," అని తిరిగి చెప్పింది పద్మావతి. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తప్పు తనదే. నూటికి నూరుపాళ్ళూ తనదే. ఎంత చల్లని మాట అది! గౌరమ్మ ఇంటికి వెళ్ళిపోతుంది. సాయంత్రానికి ఆ పిల్ల తల్లి పాలు తాగుతుంది. ఉద్యోగం సంగతి దేవుడెరుగు.

గోదావరి డాక్టరు అదే మాట ఇంగ్లీషులో చెప్పేసరికి, పెద్ద డాక్టరు సూదిని పళ్ళెంలో పెట్టేశాడు.

"మొదలుపెట్టాను గనక పూర్తి చేస్తాను," అని గోదావరి డాక్టరు ఎడమవైపు వంగారు. మెడ ఎముక కింద ఆనించారు. తీశారు. మళ్ళీ అక్కడే ఆనించారు. "దగ్గమ్మా," అన్నారు. గౌరమ్మ దగ్గింది. వేలి మీద వేలు పెట్టి తట్టారు. కుడివైపు డొల్లగా మోగిన రొమ్ము ఇక్కడ మోగలేదు. నిండుకుండ మీద తట్టినట్టు మొద్దుగా పలికింది. ఆయన ఇంకో అంగుళం కిందికి జరిపి తట్టారు. అదే చప్పుడు.

ఆయన స్టెతస్కోపు చెవుల్లోంచి తీయలేదు. పద్మావతి వైపు చూడలేదు.

"ఎడ..." అన్నారు.

పద్మావతి పెన్సిలు ఎత్తి పట్టుకుంది. రాయలేదు.

"ఎదా సార్, ఎడమా?"

ఆయన మళ్ళీ అక్కడే వేలు పెట్టి తట్టారు.

"ఇంకొకసారి చెవికి తోచింది నేను రాయను. తేటగా చెప్పండి సార్. ఎదా, ఎడమా?"

"ఎడమ," అన్నారు గోదావరి డాక్టరు. "ఎడమవైపు చెడింది. నేను ఆ రోజు వినలేదు."

"ఎడమవైపు చెడింది," అని తిరిగి చెప్పింది పద్మావతి. ఆయన ఔనని తల ఊపేదాకా ఆగి, అప్పుడు రాసింది. రాస్తుంటే అర్థమైంది. సూది దిగబోయింది గౌరమ్మకు మిగిలిన ఒక్క మంచి ఊపిరితిత్తి మీదికి.

పెద్ద డాక్టరుకి తెలుగు రాకపోయినా, ఆ తట్టిన చప్పుడు అర్థమైంది. ఆయన కుడి పక్కన అయొడిన్ పూత వైపు చూశాడు. పళ్ళెంలో సూది వైపు చూశాడు. "కుడి అన్నది ఎవరు?" అని అడిగాడు.

"నేను," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

కటకటాల అవతల బిడ్డ ఏడుపు ఎత్తుకుంది. నంజమ్మ ఊచల మధ్యలోంచి మొహం పెట్టి, తెర వైపే చూస్తూ పద్మావతికి వినపడేలా కేక వేసింది.

"ఏమన్నాడమ్మా డాక్టరప్ప? నా కోడలి ఎదె బాగుండాదనే గదా?"